తెలిసినవారూ తెలియనివారూ ఒకే ల్యాబ్‌లో: క్యాడ్ బోధనపై ప్రసంగ పాఠం

(పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కళాశాలల అధ్యాపకుల కోసం విజయవాడలో జరిగిన శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగం.)

సభాధ్యక్షులకు, తోటి అధ్యాపకులకు, వేదికల మీద పేరు వినిపించకపోయినా ల్యాబ్‌ను నిజంగా నడిపే ల్యాబ్ అసిస్టెంట్లకు నమస్కారం.

వేర్వేరు అనుభవం ఉన్న విద్యార్థులు కలిసి కూర్చునే తరగతికి క్యాడ్, అంటే కంప్యూటర్ మీద డ్రాయింగ్, డిజైన్ చేసే విద్య, ఎలా చెప్పాలన్నది ఈ పూట నాకు అప్పగించిన విషయం. మనం సాధారణంగా ఇలాంటి తరగతిని చూసే తీరు ఒకటే. సాఫ్ట్‌వేర్ బాగా తెలిసినవారు కొందరు, అరకొరగా తెలిసినవారు కొందరు, మౌస్ పట్టుకోవడానికే తడబడేవారు కొందరు అని విడదీసుకుని, మధ్యవారిని దృష్టిలో పెట్టుకుని పాఠం చెప్పి, పైవారు విసుగుపడుతున్నారని, కిందివారు వెనకబడుతున్నారని నొచ్చుకుంటాం. పంక్తిలో అందరికీ ఒకేసారి వడ్డించినా, ఒకరు పప్పులో ఉండగానే ఇంకొకరు పెరుగుకు చెయ్యి చాపుతారు. వడ్డించేవాడు అటూ ఇటూ పరుగెత్తడం తప్ప చేయగలిగింది లేదనుకుంటాం. నేను చెప్పదలచినది ఏమిటంటే, విద్యార్థులను ఒకే వరుసలో నిలబెట్టి ముందువారు, వెనకవారు అని చూడడంలోనే పొరపాటు ఉంది. మన ల్యాబ్‌లో ఉన్నవి మూడు వేరు వేరు విద్యలు. వాటిలో ఒకదానిలో ముందున్నవాడు మరొకదానిలో చాలా వెనక ఉంటాడు. ఆ సంగతి పాఠంలో కనబడేలా చేస్తే, తేడాలున్న తరగతి బరువుగా ఉండదు సరికదా, అందరూ ఒకేలా ఉన్న తరగతి కన్నా బాగా నడుస్తుంది.

రెండో సంవత్సరం బీటెక్ మెకానికల్ ల్యాబ్‌లోకి ఎవరెవరు వస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంటర్ ఎంపీసీ చదివి ఈఏపీసెట్ రాసి వచ్చినవారు ఎక్కువ మంది. వారికి మొదటి సంవత్సరంలో ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ పేరుతో నేర్పిన దానికి మించి డ్రాయింగ్‌తో పరిచయం ఉండదు. అంతకు ముందు రెండేళ్లూ లెక్కలు, భౌతికశాస్త్రం బట్టీ పట్టిన కాలమే. ఈసెట్ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరే డిప్లొమా విద్యార్థులు మూడేళ్లు పాలిటెక్నిక్‌లో షీట్లు వేసి, గీతలు గీసే మినీ డ్రాఫ్టర్ భుజాన వేసుకుని తిరిగినవారు. వారిలో మళ్లీ ఐటీఐలో ఫిట్టర్, టర్నర్ ట్రేడ్లు చేసి డిప్లొమాలోకి వచ్చినవారు ఒకరిద్దరు ఉంటారు. మన ఊరి ప్రత్యేకత ఇంకొకటి ఉంది. ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టే షెడ్డులోనో, లేత్ మిషన్ల దుకాణంలోనో సెలవుల్లో తండ్రికో మేనమామకో సాయం చేసిన పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ తగులుతారు. వీరు కాక, వేసవిలో బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో రెండు నెలల కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవారు ఉంటారు. మొదటి రోజు "ఎవరికి క్యాడ్ వచ్చు?" అని అడిగితే చేతులెత్తేది ఈ చివరివారే. షెడ్డు నుంచి వచ్చిన కుర్రాడు చెయ్యి ఎత్తడు. తనకు తెలిసింది ఈ పాఠానికి పనికివస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ మూడు విద్యలను చదవడం, చేయడం, నడపడం అని పిలుస్తాను. కాగితం మీది రెండు మూడు వీక్షణాలు చూసి వస్తువును మనసులో నిలబెట్టుకోగలగడం మొదటిది. ఆ వస్తువును ఏ మిషన్ మీద, ఏ క్రమంలో చేస్తారో, ఏ కొలత దేనికి తగలాలో ఎరగడం రెండోది. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో, ఏ కమాండ్‌కు ఏ అక్షరం నొక్కాలో చేతికి అలవాటు కావడం మూడోది. మూడోది కంటికి కనబడుతుంది, శబ్దం చేస్తుంది, చూసేవారిని ఆకట్టుకుంటుంది. ఎల్ ఎంటర్, టీఆర్ ఎంటర్ అంటూ కీబోర్డు మీద వేళ్లు పరుగెడుతుంటే పక్కన కూర్చున్నవాడికి తనకేమీ రాదనిపిస్తుంది. అయితే ఈ మూడింటిలోనూ తొందరగా పట్టుబడేదీ, తొందరగా పాతబడేదీ అదే.

పాతబడడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అనుభవం ఉన్న విద్యార్థికి అతని అనుభవమే ఎక్కడ అడ్డొస్తుందో అందులో తెలుస్తుంది. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఇవాన్ సదర్‌లాండ్ తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ తయారు చేశాడు. తెర మీద లైట్ పెన్‌తో నాలుగు గీతలు ఇష్టం వచ్చినట్టు గీసి, ఈ రెండూ సమాంతరం, ఈ రెండూ సమానం అని యంత్రానికి చెబితే, అది ఆ బొమ్మను సరిచేసి చూపేది. అంటే గీతల మధ్య సంబంధాన్ని చెప్పడం క్యాడ్ పుట్టుకలోనే ఉంది. 1982 చివర్లో ఆటోక్యాడ్ వచ్చి, మామూలు పర్సనల్ కంప్యూటర్ మీద డ్రాఫ్టింగ్ చేయడం సాధ్యమైనప్పుడు, లోకం దాన్ని ఎలక్ట్రానిక్ డ్రాయింగ్ బోర్డుగానే వాడుకుంది. గీత గీయడం, చెరపడం, కాపీ చేయడం బాగా సులువయ్యాయి. గీతల మధ్య సంబంధం మాత్రం గీసినవాడి తలలోనే ఉండిపోయింది. త్రీడీ నమూనాలు కట్టే సాఫ్ట్‌వేర్‌లు, 1980ల చివర్లో ప్రో ఇంజినీర్, 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చిన తరువాత ఆ సంబంధాలే మళ్లీ అసలు పని అయ్యాయి. 2010 వెర్షన్ నుంచి ఆటోక్యాడ్‌లోనూ ఆ సదుపాయం ఉంది, వాడేవారు మన దగ్గర అరుదు. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ఆటోక్యాడ్‌లో గీతలు గీసిన విద్యార్థి సాలిడ్‌వర్క్స్ ముందు కూర్చున్నప్పుడు, ప్రతి గీతనూ సరైన కొలతకు గీసేసి పని అయిపోయిందనుకుంటాడు. తెర మీద స్కెచ్ నల్లగా మారకుండా నీలంగానే ఉండిపోయిందంటే, అది ఇంకా పూర్తిగా కట్టుబడలేదని సాఫ్ట్‌వేర్ అతనికి చెబుతోంది. అతను ఆ రంగును పట్టించుకోడు. అతని అలవాటులో రంగు అంటే లేయరు, గీతలను విడివిడిగా ఉంచే పొర. ఏమీ రాని అమ్మాయి మాత్రం, నీలం పోయి నల్లగా అయ్యేదాకా వదలకూడదని చెప్పినప్పుడు ఆ మాటనే పట్టుకుంటుంది. ఆమెకు మరచిపోవలసినది ఏదీ లేదు.

కనుక మొదటి రోజు సిస్టమ్‌లు ఆన్ చేయించవద్దని నా సలహా. ఒక కాగితం ఇచ్చి, మార్కులు లేవని ముందే చెప్పి, అరగంట పని పెట్టండి. వస్తువు మూడు వైపులూ ఒకేసారి కనబడే ఐసోమెట్రిక్ బొమ్మ ఒకటి ఇచ్చి మూడు వీక్షణాలు చేత్తో స్కెచ్ వేయమనండి; స్కేలు వాడనివ్వవద్దు. తరువాత పూర్తిగా కొలతలు వేసినట్టు కనబడుతూ ఒక్క కొలత మాత్రం లోపించిన డ్రాయింగ్ ఇచ్చి, దీనిని చూసి మీరు ఈ వస్తువు తయారు చేయగలరా అని అడగండి. చివరగా ప్రతి నలుగురికీ ఒక నిజమైన భాగం, పాత బేరింగ్ క్యాప్ గాని, ఫ్లాంజ్ గాని, ఒక వెర్నియర్ కాలిపర్ ఇచ్చి, ఏయే కొలతలు తీసుకోవాలో రాయించండి. కొలవడం కాదు, ఏవి కొలవాలో రాయడం. ఆ కాగితాలు చదువుతుంటే తరగతి కొత్తగా కనబడుతుంది. వేసవి సర్టిఫికెట్ ఉన్నవాడు మొదటి ప్రశ్న దగ్గరే కనబడే అంచు గీతను, కనబడని అంచు గీతను కలగలిపేస్తాడు. లోపించిన కొలతను డిప్లొమావారు పట్టుకుంటారు. మూడో ప్రశ్నకు షెడ్డు కుర్రాడు రాసేది నాలుగు మాటలే అయినా, బోల్టు రంధ్రాల మధ్య దూరం, బోర్ (మధ్యలోని పెద్ద రంధ్రం) వ్యాసం, ముఖం నుంచి లోతు అని సరిగ్గా పనికివచ్చే కొలతలే రాస్తాడు. మిగిలినవారు బయటి వ్యాసం నుంచి మొదలుపెట్టి కొలవగలిగినవన్నీ రాస్తారు. ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో ఆ కాగితాలే చెబుతాయి.

ఇప్పుడు ఒక అభ్యాసాన్ని దగ్గరగా చూద్దాం. చాలా చిన్నది. 120 మిల్లీమీటర్ల పొడవు, 80 వెడల్పు, 12 మందం ఉన్న ఇనుప పలక. నాలుగు మూలల దగ్గర ఎం10 బోల్టులకు, అంటే 10 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నవాటికి, 11 మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగు. ప్రతి రంధ్రం కేంద్రం రెండు అంచుల నుంచీ 15 మిల్లీమీటర్ల దూరంలో. తరగతిలో అందరికీ ఇదే. సాఫ్ట్‌వేర్ మొదటిసారి చూసేవారికి కూడా చెబుతూ చేయిస్తే గంటలో అవుతుంది, తెలిసినవారికి ఐదు నిమిషాల పని. ఐదు నిమిషాల్లో చేసేసి చేతులు కట్టుకుని కూర్చున్నవాడి దగ్గరకు వెళ్లి, పొడవును 120 నుంచి 150కి మార్చు అని ఒక్క మాట చెప్పండి.

ఇక్కడే అసలు పాఠం మొదలవుతుంది. రంధ్రాలన్నిటినీ ఎడమ అంచు నుంచే కొలిచి 15 దగ్గర, 105 దగ్గర పెట్టినవాడి పలక కుడివైపుకు సాగుతుంది, రంధ్రాలు ఉన్నచోటే ఉంటాయి. కుడి అంచు నుంచి దూరం 15 కాస్తా 45 అవుతుంది. పలక చూడడానికే వంకరగా ఉంటుంది. ఏ జత రంధ్రాలను ఆ పక్క అంచు నుంచి కొలిచినవాడి నమూనాలో అంచు దూరం 15గానే నిలిచి, రంధ్రాల మధ్య దూరం 90 నుంచి 120 అవుతుంది. మధ్య తలాన్ని ఆధారంగా తీసుకుని, రంధ్రాల మధ్య దూరాన్ని 90గా బిగించినవాడి పలకలో రంధ్రాలు కదలవు, రెండు పక్కలా అంచు దూరం 30 అవుతుంది. మొదటిదానిని పక్కన పెట్టినా, మిగిలిన రెండింటిలో ఏది సరైనది? తరగతిని ఈ ప్రశ్న అడిగితే సాఫ్ట్‌వేర్ బాగా వచ్చినవారు రెండోదాని వైపు మొగ్గుతారు, చక్కగా కనబడుతుంది కనుక. అప్పటిదాకా నోరు విప్పని షెడ్డు కుర్రాడు అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది: "సార్, ఇది దేనికి బిగిస్తారు?" ఛాసిస్ మీద అప్పటికే తొలిచి ఉన్న రంధ్రాలకు బిగించేదయితే, రంధ్రాల మధ్య దూరం 90 మారడానికి వీల్లేదు, పలక ఎంత పొడవయినా సరే మూడో నమూనాయే సరైనది. కొత్త రంధ్రాలు మనమే తొలుచుకునేటట్టయితే, మూలలకు దగ్గరగా బిగింపు కావాలంటే రెండోది సరైనది. ఏ మెనూలోనూ ఈ జవాబు దొరకదు. అది బయట, ఆ పలక వెళ్లి కూర్చునే చోట ఉంటుంది. డిజైన్ ఉద్దేశం అని మన పాఠ్యపుస్తకాల్లో నిర్వచనం రాయించే విషయం ఇదే. ఈ పలక ముందు పది నిమిషాలు వాదించుకున్న తరగతికి నిర్వచనం రాయించే పని తప్పుతుంది.

ఈ ఒక్క పలకతో ముగ్గురికీ పని దొరికిందని గమనించండి. కొత్తవారికి స్కెచ్, కొలత, మందం ఇవ్వడం, రంధ్రం వేయడం పట్టుబడ్డాయి. వేగంగా చేసేవారికి తమ వేగం ఎక్కడ మోసం చేసిందో తెలిసింది. పనిచోటు ఎరిగినవాడికి తన మాటకు తరగతిలో విలువ ఉందని తెలిసింది. అందుకే తెలిసినవారికి ఇంకో కష్టమైన బొమ్మ ఇచ్చి పక్కన కూర్చోబెట్టే పద్ధతిని నేను అంతగా ఇష్టపడను. కష్టమైన బొమ్మ అంటే మన దగ్గర ఎక్కువ గీతలున్న బొమ్మ అని అర్థం. అది వేసినవాడు ఇంకా వేగవంతుడవుతాడు, అంతకు మించి ఏమీ జరగదు. అదే భాగాన్ని, అదే కొలతలతో, మార్పు కోరుతూ ఇవ్వండి. పలక మీద నిలువు పలక లేపి బేరింగ్‌కు బోర్ పెట్టమనండి. బోర్ వ్యాసం మార్చినప్పుడు చుట్టూ గోడ మందం నిలవాలని షరతు పెట్టండి. కొత్తవారు చేస్తున్న వస్తువే కనుక, మధ్యలో ఎవరు ఎవరి తెర వైపు చూసినా అర్థమవుతుంది.

ప్రదర్శన పాఠం గురించి. ప్రొజెక్టర్ మీద గంటసేపు కమాండ్ల వెంట కమాండ్లు చూపించి, ఇప్పుడు మీరు చేయండి అనడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. పది నిమిషాలు దాటిన ప్రదర్శనలో కొత్తవాడు రెండో నిమిషంలోనే తప్పిపోతాడు, పని వచ్చినవాడు ఫోన్ తీస్తాడు. దీనికి కారణం విద్యార్థుల బుద్ధిలో లేదు. జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితం మీద ప్రచురించిన పరిశోధనలో, కొత్తగా నేర్చుకునేవారికి లెక్కలు ఇచ్చి తంటాలు పడనివ్వడం కన్నా, అంచెలంచెలుగా చేసిన లెక్కలను చదివించడం ఎక్కువ మేలు చేసిందని తేలింది. ఆ తరువాత స్వెల్లర్, కల్యూగా, వారి సహచరులు దీనికి ఇంకో వైపు ఉందని చూపారు. కొత్తవారికి మేలు చేసిన ఆ అంచెలంచెల వివరణే, విషయం తెలిసినవారికి అడ్డు అవుతుంది; అవసరం లేనిదాన్ని చదివి, తమకు తెలిసినదానితో సరిపోల్చుకోవడంలోనే వారి శ్రద్ధ ఖర్చయిపోతుంది. మన ల్యాబ్ మాటలో చెప్పాలంటే, ప్రతి క్లిక్‌కూ బొమ్మతో ఉన్న మాన్యువల్ ఇంటర్ పిల్లలకు ఇవ్వాలి, డిప్లొమా పిల్లల చేతికి ఇవ్వకూడదు. వారికి పూర్తయిన డ్రాయింగ్, ఒక షరతు చాలు. ఇంకా మంచిది, చెడగొట్టిన నమూనా ఫైలు ఇవ్వడం. ఫీచర్ ట్రీలో, అంటే నమూనా కట్టిన అంచెల జాబితాలో, మూడోదాన్ని కదిలిస్తే ఏడోది ఎర్రబడేలా ముందే తయారు చేసిన ఫైలు ఇచ్చి, ఎక్కడ తెగిందో కనిపెట్టి బాగు చేయమనండి. వేగం ఆ పనిలో అక్కరకు రాదు; ఆగి, ఒక్కొక్క ఫీచర్‌నూ వెనక్కి జరిపి చూడక తప్పదు.

మాన్యువల్ ఎప్పుడు తీసేయాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. తీసేయకపోతే సెమిస్టర్ చివర కూడా దాన్ని చూసుకుంటూనే చేసే పిల్లలు మిగులుతారు. వారి రికార్డు నిండుగా ఉంటుంది, ఖాళీ తెర ముందు కూర్చోబెడితే చెయ్యి ఆడదు. నేను పాటించే పద్ధతి, ప్రతి అభ్యాసానికీ మాన్యువల్‌లో చివరి అంచెలను కొట్టేస్తూ పోవడం. మొదటి అభ్యాసంలో అన్నీ ఉంటాయి. రెండోదానిలో చివరి రంధ్రం వారే వేసుకోవాలి. నాలుగైదు అభ్యాసాలయ్యేసరికి కాగితం మీద స్కెచ్ తలం ఏదో, మొదటి కొలత ఏదో మాత్రమే మిగులుతుంది. ముందు అంచెలను కాక చివరివాటినే ఎందుకు కొట్టేయాలంటే, మొదలు తప్పితే విద్యార్థి గంటంతా తప్పు మీదే కడతాడు. చివర తప్పితే చివర్లోనే తెలుస్తుంది.

జంటలుగా కూర్చోబెట్టడం గురించి అందరూ చెబుతారు, నేనూ చెబుతాను, కాని ఒక నియమంతో. ఇద్దరిలో ఎక్కువ తెలిసినవారి చేతికి మౌస్ ఇవ్వకూడదు. తెలిసినవాడు నోటితో చెప్పాలి, తెలియనివాడు చేత్తో చేయాలి. ఈ నియమం మొదటి వారం ఎవరికీ నచ్చదు. "ఇటివ్వరా, నేను చేసేస్తా" అన్న మాట ల్యాబ్ అంతా వినిపిస్తుంది. ఆ మాట వినబడ్డ ప్రతిసారీ ల్యాబ్ అసిస్టెంట్ వెళ్లి మౌస్ ఎవరి చేతిలో ఉందో చూడాలి. నోటితో చెప్పవలసి వచ్చినప్పుడే తెలిసినవాడికి తన తెలివిలోని ఖాళీలు బయటపడతాయి. చేతికి వచ్చినదంతా మాటకు రాదు. ఇంకో మాట, కొంచెం కటువుగా. లేటరల్ ఎంట్రీ విద్యార్థులను, అంటే డిప్లొమా నుంచి నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారిని, జీతం లేని ల్యాబ్ అసిస్టెంట్లుగా మార్చే అలవాటు మన కళాశాలల్లో ఉంది. ఆరుగురి సందేహాలు తీర్చి, ఇద్దరి ఫైళ్లు బాగు చేసి, వారు ఇంటికి వెళ్లేసరికి కొత్తగా నేర్చుకున్నది ఏదీ ఉండదు. వారు కూడా ఫీజు కట్టే వస్తున్నారు. పక్కవారికి చెప్పడం పాఠంలో భాగం కావాలంటే దానికి హద్దు ఉండాలి, వారికి తెలియనిది కూడా ఆ గంటలో వారి ముందు ఉండాలి.

అమ్మాయిల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. షెడ్డుకు వెళ్లి చూడమని చెప్పడం తేలిక. ఆటోనగర్‌లో వెల్డింగ్ జరిగే షెడ్డులోకి ఒంటరిగా వెళ్లి నిలబడమని ఏ తల్లిదండ్రులు పంపుతారు? చేయడం అనే విద్య వారికి అందకపోవడానికి కారణం ఆసక్తి లేకపోవడం కాదు. కళాశాల వర్క్‌షాప్‌లో లేత్, డ్రిల్లింగ్ మిషన్ ఉన్నాయి. క్యాడ్ పీరియడ్‌లలో ఒకదాన్ని అక్కడికి మార్చండి. తాము గీసిన పలకనే మార్కింగ్ చేసి, సెంటర్ పంచ్ కొట్టి, 11 మిల్లీమీటర్ల డ్రిల్ వేయనివ్వండి. ఎం10 బోల్టుకు 10 రంధ్రం ఎందుకు పెట్టకూడదో ఆ ఒక్క పూటలో చేతికి తెలుస్తుంది.

చదవడం అనే విద్యకు మందు పెన్సిలే. అమెరికాలోని మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో షెరిల్ సోర్బీ, 1990ల నుంచి, వస్తువును మనసులో తిప్పి చూడలేని మొదటి సంవత్సరం ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం ప్రత్యేక పాఠం నడిపి, ఈ నేర్పు పుట్టుకతో వచ్చేది మాత్రమే కాదని, సాధనతో పెరుగుతుందని చూపింది. ఆ సాధనలో చేత్తో వేసే స్కెచ్‌లకు పెద్ద చోటు ఉంది. త్రీడీ నమూనాను తెర మీద మౌస్‌తో తిప్పుతూ ఉంటే మనసు తిప్పవలసిన పని మౌస్ చేసేస్తుంది. ప్రతి ల్యాబ్‌లో మొదటి పదిహేను నిమిషాలు మానిటర్లు ఆపి స్కెచ్ వేయిస్తే చాలు. సెక్షన్ వీక్షణం, అంటే వస్తువును కోసినట్టు చూపే బొమ్మ, అర్థం కానివారి కోసం ఒక బట్టల సబ్బు, ఒక బ్లేడు ల్యాబ్ అలమారాలో ఉంచండి. కోసి చూపించిన తరువాత కోసిన ముఖం మీది ఏటవాలు గీతలు, హాచింగ్, ఎక్కడ వేయాలో మళ్లీ అడగరు.

వీక్షణాల మాట వచ్చింది కనుక ఇంకొకటి. మన దేశంలో ఇంజినీరింగ్ డ్రాయింగ్ ప్రమాణాల పుస్తకం ఎస్‌పీ 46 ప్రకారం మొదటి కోణ ప్రక్షేపం పాటిస్తాం. పైవీక్షణం ముందు వీక్షణం కిందకు వస్తుంది. యూట్యూబ్‌లో నేర్చుకున్నవారు అమెరికా పద్ధతిలో మూడో కోణానికి అలవాటు పడి, పైవీక్షణాన్ని పైన పెట్టి, అదే సహజమంటారు. సాఫ్ట్‌వేర్ టెంప్లేటు కూడా కొన్నిసార్లు మూడో కోణానికే సిద్ధమై ఉంటుంది. ఒక పక్క మాత్రమే చెవి ఉన్న బ్రాకెట్‌ను ఒక పద్ధతిలో గీసి, మరో పద్ధతిలో చదివితే, ఎడమ చేతి భాగానికి బదులు కుడి చేతి భాగం తయారవుతుంది. ఏ కోణ ప్రక్షేపమో తెలిపే గుర్తు లేని షీటుకు మార్కులు వేయకండి. ఇది వచ్చినవారికీ రానివారికీ సమానంగా పట్టించవలసిన విషయం, ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

సివిల్ అధ్యాపకులు నన్ను చూస్తున్నారు, ఇనుప పలకలతో మాకేం పని అన్నట్టు. మీ తరగతిలో తేడా ఇంకో రూపంలో ఉంటుంది. ప్లాన్లు గీసే ఆఫీసులో సాయంత్రాలు పనిచేసే విద్యార్థి అడుగుల్లో, అంగుళాల్లో, గజాల్లో ఆలోచిస్తాడు. 40 అడుగులకు 60 అడుగుల స్థలం అంటే సుమారు 267 గజాలని వెంటనే చెబుతాడు. మిల్లీమీటర్లలో అది 12,192కు 18,288 అని, తెర మీద ఆ నిజమైన కొలతకే గీసి, కాగితం మీదకు వచ్చేటప్పుడు మాత్రమే 1:100 స్కేలు ఇవ్వాలని అతనికి చెప్పవలసి వస్తుంది. చాలామంది గీసేటప్పుడే స్కేలు తగ్గించి, తరువాత కొలత అంకెలను చేత్తో మార్చి రాస్తారు. 9 అంగుళాల గోడ అని రాసి ఉంటుంది, గీత మాత్రం ఇంకేదో చెబుతుంది. కొలతను చేత్తో టైపు చేయడం ఏ శాఖలోనైనా క్షమించకూడని తప్పు. డ్రాయింగ్‌లో నిజం ఎక్కడుందో ఆ క్షణం నుంచి ఎవరికీ తెలియదు. వీరికి పెట్టవలసిన మార్పు ప్రశ్న కూడా సులువే: మెట్ల వెడల్పు పెంచు, మిగిలిన గదులు ఏమయ్యాయో చూపు.

కాపీ సమస్య మిశ్రమ తరగతిలో ఎక్కువ. వచ్చినవాడి ఫైలు పెన్‌డ్రైవ్‌లో చేతులు మారి, సాయంత్రానికి అరవై మంది ఫైలు అవుతుంది. దీనికి ఉపన్యాసాలు పనిచేయవు. పలక పొడవును 120కి రోల్ నంబరు చివరి రెండంకెలు కలిపి తీసుకోమనండి. 27వ నంబరు వారికి 147 అవుతుంది, రంధ్రాల మధ్య దూరం 117. ఉక్కు సాంద్రత ఇచ్చి, బరువు చూపమనండి. 120 పొడవు పలక రంధ్రాలు పోను సుమారు 869 గ్రాములు తూగాలి; 147దయితే సుమారు 1072 గ్రాములు. అరవై మంది బరువులూ మీ దగ్గర ఎక్సెల్‌లో ముందే లెక్క వేసి ఉంటాయి కనుక, ఫైలు తెరవకుండానే తప్పు ఎవరిదో కనబడుతుంది. పక్కవాడి ఫైలు తెచ్చుకున్నా కొలత మార్చక తప్పదు, మార్చినప్పుడు అది విరగకుండా ఉండాలంటే ఎలా కట్టారో అర్థం చేసుకోక తప్పదు. అంతవరకూ చేసినవాడు కాపీ కొట్టినా కొంత నేర్చుకున్నట్టే లెక్క.

ల్యాబ్‌లో ఉన్న సిస్టమ్‌లు పాతవని, లైసెన్సులు చాలవని మీలో చాలామంది అంటారు. నిజమే. ఇంట్లో సాధన చేసుకోవడానికి ఫ్రీక్యాడ్ ఉచితంగా దొరుకుతుంది. అందులో స్కెచ్ పూర్తిగా కట్టుబడితే ఆకుపచ్చగా మారుతుంది, తేడా అంతే. నేర్పవలసిన విషయం మారదు. కరెంటు పోయినప్పుడు ఫైలు పోయిందని ఏడ్చే పిల్లలకు కంట్రోల్ ఎస్ ఎవరూ నేర్పనక్కర్లేదు, అది వారే నేర్చుకుంటారు.

ఇక మార్కులు. విశ్వవిద్యాలయం ఇచ్చే చివరి పరీక్ష పద్ధతి మన చేతిలో లేదు, ఇంటర్నల్ మార్కులు ఉన్నాయి. ఎంత త్వరగా ముగించారన్నదానికి ఒక్క మార్కు కూడా ఇవ్వకండి. వేగానికి మార్కు పెట్టిన క్షణాన తరగతి మళ్లీ ఒకే వరుసలో నిలబడిపోతుంది. బొమ్మ పూర్తయినందుకు సగం, దాన్ని ఎదురుగా కూర్చుని మార్చగలిగినందుకు సగం అని పంచండి. మార్పు ఏదో ముందుగా చెప్పకూడదు. ఫీచర్‌లకు పేర్లు పెట్టారా, లేక బాస్ ఎక్స్‌ట్రూడ్ 14 అని సాఫ్ట్‌వేర్ పెట్టిన పేర్లే వదిలేశారా అన్నది చూడండి. పేరు పెట్టినవాడికి తన నమూనా తెలుసు. ఇంకో పని కూడా చేయవచ్చు. ఒకరి డ్రాయింగ్ షీటును పేరు కనబడకుండా మరొకరికి ఇచ్చి, దాని నుంచి మాత్రమే నమూనా కట్టమనండి. అడగవలసి వచ్చిన ప్రతి ప్రశ్నకూ గీసినవారికి ఒక మార్కు తగ్గుతుంది. లోపించిన కొలత ఎంత విసిగిస్తుందో అవతలి కుర్చీలో కూర్చున్నవారికే తెలుస్తుంది. సర్టిఫికెట్లు ఉన్నవారి షీట్లకు ఎక్కువ ప్రశ్నలు రావడం మీరూ చూస్తారు.

చివరి పరీక్షలో కూడా ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు వైవాలో ఐదు నిమిషాలు ఉంటాయి. ఆ ఐదు నిమిషాల్లో కమాండ్ల షార్ట్‌కట్‌లు అడగడం మన ఆనవాయితీ. ఒకరి కళాశాలకు ఒకరు ఎక్స్‌టర్నల్‌గా వెళ్లేవారు ఈ హాల్లోనే ఉన్నారు కనుక నా విన్నపం మీకే: వచ్చే పరీక్షల్లో విద్యార్థి గీసిన నమూనాలోనే ఒక కొలత చూపించి, దీన్ని మార్చి, ఇంకేది మారిందో, ఎందుకు మారిందో చెప్పమని అడగండి. మనం అడుగుతామని తెలిస్తే ఇన్‌స్టిట్యూట్‌లవారు కూడా అదే నేర్పడం మొదలుపెడతారు. మొదటి రోజు ఇచ్చే కాగితం, పలక డ్రాయింగ్, బరువుల ఎక్సెల్ పట్టిక ప్రతులు వెనక బల్ల మీద ఉన్నాయి, భోజనానికి వెళ్లేముందు తీసుకోండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగవచ్చు. ముందుగా ల్యాబ్ అసిస్టెంట్లవి వింటాను.